మైల గుర్తు

చిమిండైంగ్ బజారు పక్కనున్న ఇంట్లో సుధామణి మూడు రోజులుగా ల్యాప్‌టాప్ ముందునుంచి లేవలేదు. మేనత్త వేడి మొహింగా, చేపల పులుసులో సేమియా, గిన్నెలో తెచ్చి పక్కన పెట్టింది.

“ఇంకా అవనేదేటే?”

“నేదత్తా. ప్రోగ్రాములోకి బయటోళ్ల మాటొస్తే, ఆ ప్రోగ్రాము రాసిన కంప్యూటర్ భాష దానికి మైల గుర్తు పెడతాది. ఆ గుర్తు ఎక్కడైనా జారిపోతందేమోనని సూస్తన్నాను. సాయంత్రానికి ఆఫీసోళ్లకి చెప్పాల.”

“జారితే ఏటవుద్ది?”

“దొంగోడి మాట ఆజ్ఞయి కూసుంటాది. ఫైళ్లన్నీ తుడిచిపెట్టీగలడు.”

“మైలగుడ్డ తగిలితే మడిగుడ్డ కూడా మైలే కదా. అదీ సూసినావా?”

“సూసినాను. మంచి మాటకి అతికించినా గుర్తు నిలబడింది.”

“మరి ఆ మైలగుడ్డని ముక్కలు సింపితేనో?”

సుధామణి చెంచా కింద పెట్టింది. మాటను ముక్కలు చేసే పరీక్ష ఒకటి రాసి నడిపించింది. మొదటి ముక్కకి గుర్తు ఉంది. చివరి ముక్కకి లేదు. తెర మీద ఎర్రగీత పడింది.

“ఎరుపొచ్చిందేటే? తప్పయిపోనాదా?”

“తప్పు దొరికిపోనాదత్తా,” అంటూ సుధామణి అత్త రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

“ఒగ్గీయే, కళ్లు తిరుగుతన్నాయి,” అంటూనే అత్త ఇంకో చుట్టు తిరిగింది.