అన్నదమ్ముల నడుమ బ్యాటరీ

హలో… ఆ, నేనే నర్సింహా, వదినను… గొంతు గుర్తువట్టలేదా? ఏడాది కావస్తుంది గదా, ఎట్ల గుర్తుంటది!

లేదు లేదు, అందరం మంచిగనే ఉన్నం. ఎవ్వరికేం కాలే. కారే పండుకుంది… ఆ, అదే, హైబ్రిడ్ కారు. పెట్రోలుతోని నడుస్తది, కరెంటుతోని నడుస్తది అని మీ అన్న ఇంద్రేశం ఊరంతా చెప్పుకుంట తిరిగిండే, ఆ కారే. పొద్దుగాల సంది దేనితోనీ నడుస్తలేదు.

నవ్వకు… ఇనవడుతుంది నాకు.

నువ్వు హత్నూరకు చేరినవా?… మీ చెల్లె ఏం జేస్తుంది?… ఏడ్వదా మరి! బిడ్డ ఎంగేజిమెంటుకు పెద్ద మేనమామ రాకపోతే ముత్యమ్మ నవ్వుకుంట కూసుంటదా?… పిల్లగానోళ్లు ఇంకా రాలేదు గదా? బతికినం.

ఆటోలనా? మీ అన్నా? కారు గొన్నోడు ఆటోల దిగితే ఇజ్జత్ పోతదట… బస్సు ముచ్చట నువ్వే అడుగు… అవు, నువ్వెట్ల అడుగుతవు, మీకు మాటల్లేవు గదా. దసరా నాడు కారుకు నిమ్మకాయలు గడుతుంటే, చెల్క భూమి అమ్మి డబ్బా గొన్నడని పదిమందిల నువ్వనుడు, నా గడప తొక్కకు అని ఆయన అనుడు. ఇగ ఇయ్యాల నడుమ నేను, పోస్టాఫీసు లెక్క.

ఫోన్ చెయ్యమని ఆయన అనలే. "వానికి చెయ్యకు" అన్నడు. రెండుసార్లన్నడు. రెండోసారి నీ నంబరు గూడ జెప్పిండు.

మెకానిక్ యాదగిరిని పిలవకుంట ఉంటమా? పటాన్‌చెరు నుంచి వచ్చిండు. బానెట్ లేపిండు, సంత్రపండు రంగు వైర్లు జూసిండు, దండం బెట్టి పోయిండు. ముట్టుకుంటే మనిషి బొగ్గయితడట… కొత్త బ్యాటరీనా? ఉన్నది. లైట్లు మిణుకుమిణుకుమంటున్నయని మొన్ననే దెచ్చిండు మీ అన్న. దెచ్చి, బొట్టుబెట్టి, అర్రల వెట్టిండు. కార్ల వెట్టుడు ఒక్కటే మర్షిపోయిండు.

అట్లనా?… పెద్ద బ్యాటరీ ఎంత మంచిగున్నా, ఈ చిన్నది సచ్చిపోతే కారు లేవదా?… ఓహో. అంటే ఎంత పెద్దదైనా చిన్నదానితోని పనున్నదన్నట్టు… నేనేమన్న? బ్యాటరీ సంగతే అన్న.

పాశమైలారం ఫ్యాక్టరీల కరెంటు పని జేస్తవు గదా, ఇగ జెప్పు. ఆయన ఇక్కడనే ఉన్నడు. షాక్ కొట్టొద్దని చేతులకు పాలకవర్లు కట్టుకొని, పీట మీద నిలవడ్డడు… మా పెండ్లి పీటనే. ఇన్నేండ్లకు పనికొచ్చింది.

ఏమయ్యా, కారు చాబి తీసి దూరం వెట్టాలట… నర్సింహా, "గా మాత్రం నాకు తెలువదా" అంటుండు. చాబి కారుకే ఉండె. ఇప్పుడు తీసిండు.

ఊ… సంత్ర రంగు వైర్ల దిక్కు పోవద్దు. ముందుగాల పాత చిన్న బ్యాటరీకున్న నల్లది విప్పాలె, మైనస్. ఎన్కనే ఎర్రది… ఏమయ్యా, నల్లదట ముందు!… "ట్రాక్టర్‌కు ఎన్ని బ్యాటరీలు ఎయ్యలే" అంటుండు నర్సింహా. నువ్వేమంటవు?… ఛీ, గా మాట నేను జెప్ప. ఏమయ్యా, మీ తమ్ముడు దండం బెట్టి జెప్తుండు, జెర నల్లదే విప్పాలట.

ఏం లేదు, కొద్దిగ మంచిగ జేసి జెప్పిన. నువ్వన్నది అన్నట్టు జెప్తే ఇయ్యాల ఇద్దరికీ షాక్ కొడ్తది.

ఏమయ్యా, అది ఎర్రది… ఎర్రది గాదు, ఆగుండ్రి— ఓ అమ్మా!

నర్సింహా… నర్సింహా, అరవకు… ఉన్నడు, ఉన్నడు. బోల్టు విప్పే పాన కారు రేకుకు తాకింది, నిప్పులు లేచినయి. పీట మీది నుంచి జారి గోడకాడ కూలవడ్డడు… చెయ్యి ఆడిస్తుండు… కాలలే, పాలకవరే కాలింది.

నువ్వేంది, ఏడుస్తున్నవా?… జలుబా. ఎప్పుడయింది, ఇప్పుడేనా?

ఆయన ఇన్నడు. "అన్నా" అని నువ్వు మొత్తుకున్నది గోడ దాకా ఇనొచ్చింది… ఫోన్ దిక్కే చూస్తుండు.

ఏమయ్యా?… "నాకేం గాలేదని వానికి జెప్పు" అంటరా? జెప్ప. పోస్టాఫీసు బందయింది. ఇగో, మీ నోటితోనే జెప్పుండ్రి… పాన ఇడువరా? సరే, ఫోన్ నేనే చెవుకాడ పెడ్త.

మాట్లాడుండ్రి… తలకాయ ఊపితే హత్నూరల కనవడదు, నోరు తెరువాలె.

…

నల్లది ఇడిసింది. మంచిది.

…

ఎర్రది గూడ వచ్చింది. కొత్తది ఎత్తుండ్రి, నేను ఫోన్ పట్టుకున్న గదా… ఇప్పుడు ఎర్రది ముందా? అవునట, ఎక్కియ్యుండ్రి. నల్లది ఎన్క.

…

ఆ, నర్సింహా, మళ్ల నేనే. బిగిచ్చిండు, చాబి పట్టుకొని కార్ల కూసున్నడు. ఇద్దరి ముచ్చట మొత్తం ఇన్న. ఏడాదికి నోరు తెరిస్తే "ప్లస్ వెట్టినవా, పెట్టిన, మైనస్ వెట్టు, ఊ." గంతేనా? పిల్లలెట్లున్నరని ఆయన అడుగలే, అన్న మోకాలినొప్పి ఎట్లున్నదని నువ్వడుగలే.

ఆగు… సప్పుడైతే లేదు… లైట్లన్ని వడ్డయి… కదిలింది నర్సింహా! గేటు బయటికి వచ్చింది!… బ్యాటరీ మార్చినందుకు రేడియో ఏదో నంబరు అడుగుతుందట. పోనీ, ఆయననే పాడుకుంట వస్తడు.

ఒక్క నిమిషం, అద్దం దించి ఏదో అంటుండు… మీరే అడుగుండ్రి… సిగ్గా? బాగుంది. నర్సింహా, పెద్దమనుషులు కూసునేకాడ జెర జాగ ఆపమంటుండు… ఏడనా? నీ పక్కన.



ఏందీ?… పొద్దుగాలనే తువ్వాల ఏసి పెట్టినవా?… ఎవ్వరినీ కూసోనిస్తలేవా?…

…ఏం లేదు. నేనేమంటలే.

హారన్ కొట్టవట్టిండు. పెడ్తున్న నర్సింహా… ఆ, జెప్త. తువ్వాల సంగతి జెప్త.