చెరిగిన గడి

పిల్లలు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. ప్రాసెసర్ మెమరీలోని ఒక్కో గడిలో అంకెల్నీ ఆదేశాల్నీ ఎలా రాస్తుందో తెరమీద చూపించే పాఠాన్ని టీచరమ్మ ఆర్నెల్లు కష్టపడి తయారుచేసింది. ఇప్పుడు ల్యాబ్ అటెండరు చేత చివరిసారి మీటలు నొక్కించి చూస్తోంది.

“అమ్మా, కూడగా వచ్చిన అంకె పోయి ఆదేశం ఉన్న గడిలో కూర్చుంది. ఆదేశం చెరిగిపోయింది.”

“కొంప మునిగింది బాబాయ్! గడి నంబరు తప్పు వేశాను. ఇవాళ తేడా వస్తే మళ్లీ పుస్తకమే గతి అన్నారు హెడ్మాస్టరు.”

“అసలు ప్రాసెసరైతే ఆపుతుందా?”

“ఇంత చిన్నదైతే ఆపదు. దానికి అంకైనా ఆదేశమైనా ఒకటే. చెప్పిన గడిలో రాసేస్తుంది.”

“మరి ఇదీ అదేగా చేసింది?”

ఆమె కీబోర్డు తన వైపు లాక్కుంది.

“దిద్దమంటావా?”

“వద్దమ్మా. ఇన్నేళ్లుగా ఈ కంప్యూటర్ల దుమ్ము దులుపుతున్నా, ఇవి లోపల ఏం చేస్తాయో ఇప్పుడే అర్థమైంది.”

వరండాలో బూట్ల చప్పుడు మొదలైంది.

“తలుపు తియ్యి బాబాయ్. తప్పుతోనే మొదలుపెడతాను.”