ఎముకలకు బాప్తిస్మం

హలో… ఆ, నేనేరా, అక్కని. చెప్పు దీపూ… లేదులే, ఇప్పుడే క్లాస్ అయింది. కార్ దగ్గరికి నడుస్తున్నా…

ఏంటీ, కీవ్ రాజుల కథా? పొద్దున్నే ఇదేం పిచ్చిరా నీకు!… ఆ, థాంక్స్‌గివింగ్‌కి చెప్పాగా. వ్లదిమీర్ బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు తనే నిలబెట్టిన ఉరుముల దేవుణ్ణి గుర్రం తోకకి కట్టి ఈడ్పించి, ఏట్లో పారేయించాడు. జనం ఏడ్చారట…

ఎముకలా? అది కొడుకురా, యారొస్లావ్. పెదనాన్నలిద్దరూ పాత దేవుళ్ళని కొలుస్తూనే పోయారు. అరవై ఏళ్ళ తర్వాత వీడు సమాధులు తవ్వించి, ఆ ఎముకలకి బాప్తిస్మం ఇప్పించాడు…

ముంచారా, చిలకరించారా అంటే… ఏమో, అంత వివరం రాయలేదు. ఎందుకు?…

ఎందుకని అడుగుతున్నా దీపూ.

…మళ్ళీ నాన్న సంగతేనా? బాప్తిస్మం లేకుండా పోయారనేగా? నువ్వు చర్చిలో చేరతానంటే మొదటిరోజు కార్‌లో దింపింది నాన్నేరా. ఆయనకి లేని బెంగ నీకెందుకు?… పాస్టర్‌గారు ఏమన్నారు?… చూశావా! పోయినవాళ్ళని దేవుడికి వదిలెయ్యమన్నారుగా. పోయినవాళ్ళకి బాప్తిస్మం కూడదని అప్పుడూ చర్చి కట్టడే. వాడు రాజు కాబట్టి చెల్లింది…

నేనా? నేనెప్పుడు చెయ్యమన్నాన్రా! కంచం ముందు కూర్చుని నువ్వు ఏడుస్తుంటే, నీలా బాధపడినవాడు ఇంకొకడున్నాడని ఓదార్పుకి చెప్పా. పాఠాలు చెప్పే నోరు, ఊరుకోదు. కొరివితో తల గోక్కున్నా…

ఆగు. ఆ నీళ్ళ చప్పుడేంటి?… డెలావేర్ నదికా? ఇంత చలిలోనా?…

చేతిలో ఏముంది?

…దీపూ, నాన్న అస్థికల చెంబు అమ్మ అలమరలో ఉండాలి కదరా. నీ చేతికెలా వచ్చింది?…

వద్దు. నా మాట విను. పైనెల మూడున ఫ్లైట్. రాజమండ్రిలో, గోదావరిలో కలపమన్నారు నాన్న. బతికినన్నాళ్ళూ మనల్ని అడిగింది అదొక్కటే… ఒరేయ్, యారొస్లావ్ దగ్గరున్నవి ఎముకలు, ముంచినా పైకి తీసుకోవచ్చు. ఇది బూడిదరా! ఒక్కసారి నీళ్ళలో పడితే పోయినట్టే. చెంబుకి కట్టిన గుడ్డ విప్పకు. అరగంటలో వస్తా, కార్ స్టార్ట్ చేశా…

అమ్మకి చెప్పే తెచ్చావా? అబద్ధాలాడకు… ఏదీ, పక్కనే ఉంటే ఇవ్వు ఫోన్!

…

అమ్మా?… నువ్వేంటమ్మా అక్కడ? స్వెట్టరేసుకున్నావా?… వాడు బలవంతం చేశాడా? భయపడకు, నాతో చెప్పు…

మరి?… నువ్వే తీసిచ్చావా?

…అమ్మా, నాన్న దేవుడికి దూరంగా ఎక్కడికో పోయారని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడే ఊహించుకుని కుమిలిపోతున్నాడు. నువ్వైనా సర్దిచెప్పాలి గానీ…

ఏంటి?… నువ్వూ బాప్తిస్మానికి నీళ్ళలోకి దిగుతున్నావా?…

…తండ్రీకొడుకులు చెరోచోట ఉంటే నీకు మనసొప్పదు. నాకు తెలుసమ్మా. పైన అందరూ ఒక్కచోటే ఉండాలి, అంతేగా… అందరూ అంటే…

అమ్మా. మరి నేను?

…

ఆ అందరిలో నేను లేనా?…

ఏడవకు. సరే, ఏమీ అనను. నేనొచ్చేదాకా ఆగండి, అంతే. వాణ్ణి ముట్టుకోవద్దను… వాడు దూరంగా నిలబడ్డాడా? ముడి ఊడొస్తోందా? మరి విప్పుతోందెవరు?…

నువ్వా?

అమ్మా… అమ్మా, ఒక్క నిమిషం— హలో… హలో…