తోకలు కుట్టిన భాష

మీ అమ్మాయి మీతో ఏం చెప్పి పంపించిందో నాకు తెలుసు బావగారూ. ముందు కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు ఊగుతుంది. ఇటు రండి.

మా మామగారు కంప్యూటరు చేత మా డైరెక్టరుగారిని తిట్టించారు, అని. ఇదే కదూ చెప్పింది? ఇంకాస్త మర్యాదగా చెప్పిందా? మీ దగ్గర చెబుతుంది లెండి. నిన్న ఆఫీసు నుంచి వచ్చి టీ కప్పు నా ముందు పెట్టిన చప్పుడుకి పక్కింటివాళ్లు కిటికీ తీసి చూశారు.

నేను తిట్టించలేదండీ. అది తిట్టింది. ఆ తేడా ఈ ఇంట్లో ఎవరికీ పట్టదు.

మీరు పశువుల డాక్టరు. మీ రోగులు నోరెత్తరు కాబట్టి మీకు ఈ బాధ తెలియదు. మొదట్నించీ చెబితేగానీ అర్థం కాదు. తొందరేమైనా ఉందా? బోర్డువాళ్లు వచ్చేది రేపు మధ్యాహ్నం కదా, ఇంకా బోలెడు టైముంది.

మా బీమా ఆఫీసులో పెద్ద మెషిన్ ఉంది, మీరొకసారి చూశారు. మెయిన్‌ఫ్రేము. చూసి, ఇందులో బట్టలు పెట్టుకుంటారా అనడిగారు. అదే. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఉన్నది దీని తాత. తాత పోయాడు, తండ్రి పోయాడు, ఇప్పుడున్నది మనవడు. కానీ బుద్ధులు మారలేదు. తాత కోసం నేను రాసిన ప్రోగ్రాముని ఈ మనవడు ఇవాళ్టికీ తు.చ. తప్పకుండా వింటాడు. ఏ ఇంట్లోనైనా ఉందా అండీ ఆ వినడం?

మీ అల్లుడి సంగతి ఇప్పుడెందుకు లెండి.

ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. ఏది చూపించినా తీసుకెళ్లి క్లౌడులో పెట్టేద్దామంటాడు. ఆయన్ని నేను మబ్బులాయన అంటాను. ఆ మబ్బులాయన మీటింగులో లేచి, ఈ ముసలి మెషిన్ మీద కొత్త భాష ఒక్కటీ నడవదు, కొత్తగా చేరే పిల్లలకి పాత భాషలు రావు, దీన్ని తుక్కు కింద అమ్మేద్దాం అన్నాడు. మెషిన్ విభాగానికి హెడ్డు మీ అమ్మాయాయె. ఊరుకుంటుందా? కొత్త భాష ఎక్కించి చూపిస్తాం, బోర్డుని పిలవండి అంది.

ఎక్కితే మెషిన్ ఉంటుంది. ఎక్కకపోతే మెషిన్ తుక్కులోకి, మీ అమ్మాయి మబ్బులాయన కిందకి. ఆయన నిన్నమొన్న చేరిన మనిషి. అమ్మాయికి అంతకంటే తలవంపులు ఏముంటాయి చెప్పండి.

ఆ రోజు నా గదిలోకి వచ్చింది. మామయ్యగారూ, ఆ మెషిన్ గురించి మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు, మీరు రావాలి అంది. రిటైరయ్యాక నన్ను ఎక్కడికైనా రమ్మన్నది పళ్ల డాక్టరు ఒక్కడే బావగారూ. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు నేను, సంతోషంతో.

ఆఫీసులో మళ్లీ వేరే నాటకం. అక్కడ నేను మామయ్యగారిని కాదు, కన్సల్టెంటుగారిని. ఆవిడ అమ్మాయి కాదు, మేడమ్. ఒకరోజు పదిమంది ముందు, మేడమ్, భుజం మీద కందిరీగ వాలింది చూసుకో అన్నాను. మేడమ్ అని మొదలెట్టి చూసుకో అని ముగిస్తే ఏం బాగుంటుంది? అలా ఉండేది మా వ్యవహారం.

భాష ఎక్కించడమంటే ఏమిటంటారా? మెషిన్‌కి మనం పని చెప్పాలంటే ఒక భాష కావాలి. కొత్తవాళ్లు ఒక కొత్త భాష తయారు చేశారు. ఎక్కడివాళ్లో, ఎవరో, ఊరికే ఇచ్చేశారు, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోండని. కానీ తీసుకున్నది వండిన పదార్థం కాదు. బియ్యం, ఉప్పు, కట్టెలు. వేల ఫైళ్లు. మన మెషిన్ మీద మనమే కట్టుకోవాలి.

అందులో తమాషా ఏమిటో తెలుసా? ఆ భాషని కట్టే ప్రోగ్రాము ఆ భాషలోనే రాశారు. అంటే ఆ భాష కట్టాలంటే ముందు ఆ భాష ఉండాలి. తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు. నేను ఒక పూటంతా నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, దానికీ దారి ఉందట. ముందు వేరే పాత భాషతో ఒక చిన్న పిల్లభాషని కడతారు. ఆ పిల్లభాష కూర్చుని పెద్దభాషని కడుతుంది. కూతురు తల్లిని కన్నట్టు. మీ లైన్లో ఇలాంటి కేసు ఎప్పుడైనా చూశారా?

చూడలేదా. నేను చూశాను.

సరే, ఫైళ్లు తెచ్చి మెషిన్‌లో పోసి, కట్టవయ్యా అన్నాను. ఎన్ని తప్పులు చూపించిందంటే, చదవడానికి మొదలుపెట్టి మధ్యలో నిద్రపోయాను. తీరా తీసి చూద్దును కదా, ఎక్కడ చూసినా సగం సగం వాక్యాలు. పొట్టి వరసలు బాగానే ఉన్నాయి. కాస్త పొడుగు వరసలకి మాత్రం తోక లేదు. బ్రాకెట్టు తెరిచారు, మూయలేదు. ఒక అంకెకి ముందు భాగం ఉంది, వెనక భాగం లేదు. ఒక హెచ్చరిక మొదలెట్టారు, మధ్యలో వదిలేసి లేచి వెళ్లిపోయారు.

ఈ కాలం మనుషులు ఇంతే అనుకున్నాను. మావాడు చూడండి, వాక్యం మొదలెడతాడు, ఫోను మోగుతుంది, ఆ వాక్యం అక్కడే అనాథ అయిపోతుంది. ఊరికే ఇచ్చినవాళ్లు ఇంతకంటే ఏం చేస్తారులే అనుకున్నాను.

వదిలేయొచ్చు. అమ్మాయి మాట ఏమవుతుంది? అందుకని నేనే కూర్చుని ఒక్కొక్క వరసకీ తోక కుట్టడం మొదలెట్టాను. తోకల విలువ మీకు చెప్పాలా? ఈగల్ని తోలుకోవాలన్నా అదే కావాలి.

బ్రాకెట్టయితే మూశాను. అది తేలిక. అంకె సగం ఉంటే ఆలోచించాలి. పేర్లకి ఎన్ని అక్షరాలు ఉండొచ్చు అన్నచోట అంకె లేదు. ఎనిమిది అని వేశాను. మా రోజుల్లో దేనికి పేరు పెట్టినా ఎనిమిది అక్షరాలు దాటనిచ్చేవాళ్లు కాదు, ఎవరూ చచ్చిపోలేదు. ఒకే పనిని మళ్లీ మళ్లీ ఎన్నిసార్లు తిప్పొచ్చు అన్నచోటా అంతే. వెయ్యిసార్లు అయ్యాక ఆగమన్నాను, తిరిగింది చాలు, ఇక కూర్చో, అని ఒక మాట కూడా పెట్టాను.

హెచ్చరికల దగ్గరైతే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త హుషారొచ్చింది. ఫైలు దొరకలేదు, అని మొదలెట్టి వదిలేశారు. నేను పూర్తిచేశాను. పెట్టిన చోట వెతుక్కో, నన్నడిగితే నాకేం తెలుసు, అని. ఎవరైనా ప్రోగ్రాముకి ఇంకా జాగా కావాలని అడిగారనుకోండి, ఇంకానా, ఉన్నదాంట్లో సర్దుకో, అంటుంది. అందులో తప్పేముంది? మెషిన్‌కి మాత్రం కొండంత జాగా ఎక్కడుంటుంది?

మొత్తానికి కట్టేశాను బావగారూ. పిల్లభాష లేచి కూర్చుంది, పెద్దభాషని కంది. రెండు రెళ్లు ఎంత అన్నాను, నాలుగంది. ఆ గదిలో ఒక్కడినే నిలబడి చప్పట్లు కొట్టాను. ఏసీ మెకానిక్కు లోపలికి వచ్చి, ఏమైందండీ అన్నాడు. నాలుగయిందయ్యా అన్నాను. వాడు గడియారం చూసుకుని టీకి వెళ్లిపోయాడు.

నిన్న రిహార్సలు. బోర్డుకి చూపించే ముందు డైరెక్టరుగారు స్వయంగా చూస్తానన్నారు. మేడమ్ రెండు ప్రోగ్రాములు నడిపించింది, చక్కగా నడిచాయి. మబ్బులాయన మొహం చూడాలి మీరు, ఆముదం తాగినట్టుంది. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. డైరెక్టరుగారు ముచ్చటపడి, నేనూ ఒకటి రాస్తానని కూర్చున్నారు.

కూర్చుని, మెషిన్‌లో అంకెలు దాచుకోవడానికి ఒక పెట్టె కావాలన్నారు, దానికి తన పేరే పెట్టారు. ఇంటిపేరుతో సహా. అది, పేరు మరీ పొడుగ్గా ఉంది, ఎనిమిదిలో సరిపెట్టుకో, అంది. ఆయన కళ్లజోడు సర్దుకుని పేరు కురచ చేశారు. ఏదో ఫైలు అడిగారు, పెట్టిన చోట వెతుక్కోమంది. చెమట తుడుచుకున్నారు. చివరికి ఏ లెక్కలో తప్పారో, ఒకదాన్ని తీసుకెళ్లి సున్నాతో భాగించారు.

అక్కడ నేను పెట్టిన మాట నాకే గుర్తులేదండీ. తెర మీద పెద్ద పెద్ద అక్షరాలతో పడింది. సున్నాతో భాగించావా, బళ్లో వెనక బెంచీలో కూర్చున్నావా ఏమిటి, అని.

వెనక నిలబడ్డవాళ్లలో ఒకడికి నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చబోయాడు. అది నవ్వూ కాక, దగ్గూ కాక, ఒక రకమైన మేక అరుపుగా తేలింది. డైరెక్టరుగారు ఇదేమిటి అనలేదు. ఇదెవరు, అన్నారు. మీ అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపుతో మీరు ఇంజెక్షన్లు ఇవ్వొచ్చు.

ఇక మీరు ఇంట్లో ఉండండి కన్సల్టెంటుగారూ అంది. ఇంట్లో ఉండమన్నప్పుడైనా మామయ్యగారూ అనకూడదా?

ఏమిటీ? నా అజాగ్రత్త అందా? మీతో ఆ మాటే అందా?

ఇది మాత్రం నేను ఒప్పుకోను. నన్ను తిక్కమనిషి అనండి, పడతాను. అజాగ్రత్త అంటే పడను. అంత జాగ్రత్తపరుణ్ణి మీరు చూసి ఉండరు. ఒక్క ఉదాహరణ చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

మా రోజుల్లో ప్రోగ్రాములు అట్టముక్కల మీద ఉండేవి. ఒక వరసకి ఒక అట్ట. అట్టకి ఎనభై గళ్లు. ప్రోగ్రామంటే ట్రేల నిండా అట్టలు. మాతో ఒక పొడుగు మనిషి పనిచేసేవాడు, కొలబద్ద అనేవాళ్లం. జీతాల ప్రోగ్రాము ట్రే పట్టుకుని మెట్లు దిగుతూ, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగాడు. పై మెట్టు నుంచి కింద మెట్టు దాకా జీతాలే. అయినా ఎవరూ కంగారుపడలేదు. ఎందుకంటారు? ప్రతి అట్టకీ చివరి ఎనిమిది గళ్లలో వరస నంబరు వేసి ఉంచేవాళ్లం. ఆ చివరి ఎనిమిదీ నంబరువే, అక్కడ ఇంకేదీ రాయకూడదు, రాసినా మెషిన్ దాన్ని చదవదు. పోగుచేసి సర్దే మెషిన్‌లో పడేస్తే మళ్లీ వరసలో వచ్చేసేవి.

ఇప్పుడు అట్టలు లేవు, మెట్ల మీద పడేదీ లేదు. అయినా మెషిన్ పద్ధతి అదే, ఎనభై గళ్లు, నంబర్లు వేయిస్తే చివరి ఎనిమిది వాటికే. అందుకే ఈ కొత్త భాష ఫైళ్లు వచ్చీరాగానే, ఇంకేదీ ముట్టుకోకముందే, నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఒక్క కమాండు కొట్టి, అన్ని ఫైళ్లకీ, అన్ని వరసలకీ చివరి ఎనిమిది గళ్లలో నంబర్లు వేయించాను. ఎవరూ చెప్పలేదు, నాకై నేను. ఇలాంటివాణ్ణి అజాగ్రత్త మనిషంటారా?

ఏమన్నారూ?

అంతకుముందు ఆ గళ్లలో ఏముందంటే... ఏముంటుందండీ, ఖాళీ. అక్కడ ఎవరూ రాయరు. పద్ధతి తెలిసినవాడు ఎవడూ...

వాళ్లకి పద్ధతి తెలియదు కదూ.

కొత్తవాళ్లు. అట్ట మొహం చూసినవాళ్లు కాదు. పొడుగు వరసయితే చివరి గడి దాకా రాస్తారు. నేను వెళ్లి దాని మీద నంబరు కొట్టాను. నంబరు పడ్డాక మెషిన్ ఆ గళ్లు చదవనే చదవదు.

మీరు కాసేపు మాట్లాడకండి బావగారూ. మాట్లాడ్డం లేదా? సరే.

వాళ్లు వాక్యాలన్నీ పూర్తిగానే రాశారు. పాపం, ఊరికే ఇచ్చి, నా చేత మాటలు కూడా పడ్డారు. తోకలు కోసింది నేను. కోసి, అయ్యో తోక లేదే అని నేనే కూర్చుని కుట్టాను. మీ దగ్గరికి ఇలాంటి మనిషి వస్తే మందు మనిషికి ఇస్తారా, పశువుకి ఇస్తారా?

నవ్వండి, నవ్వండి. ఆపుకుంటే మేక అరుపు అవుతుంది.

ఇప్పుడైనా మించిపోలేదు. అసలు ఫైళ్లు అమ్మాయి దగ్గర ఉన్నాయి. మళ్లీ పోయించి, నంబర్లు వేయకుండా, కట్టమంటే కట్టేస్తుంది. ఇప్పుడు మొదలెడితే రేపు బోర్డువాళ్లు వచ్చే వేళకి అయిపోతుంది. నా కుట్లు ఏవీ అక్కర్లేదు.

అమ్మాయితో మీరు చెబుతారా? వద్దు, నేనే చెబుతాను. అందరి ముందూ చెప్పమన్నా చెబుతాను.

ఒక్కటి మాత్రం మీతో అంటాను, అక్కడ అనకండి. ఆ మాటలన్నీ నేను ఇంట్లో రోజూ అనేవే. కళ్లజోడు కనపడలేదంటే పెట్టిన చోట వెతుక్కో అంటాను, ఎవరూ తలెత్తరు. ఇంకో అలమారా కావాలంటే ఉన్నదాంట్లో సర్దుకోండంటాను, మర్నాడు అలమారా వస్తుంది. అదే మాట మెషిన్ అంటే, డైరెక్టరంతటివాడు మారుమాట లేకుండా తన పేరు తనే కురచ చేసుకున్నాడు. నిన్న నాకు లోపల ఎంత బాగుందో చెప్పలేను బావగారూ. అమ్మాయి మొహం పాలిపోయిందని చూస్తూ కూడా, బాగానే ఉంది. అదీ నా బుద్ధి.

రేపు ఎవరైనా సున్నాతో భాగిస్తే అది, పొరపాటు, అని ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఎవరికీ కోపం రాదు. మెషిన్ ఉంటుంది, అమ్మాయి కుర్చీ అమ్మాయికి ఉంటుంది. అందులో నాదంటూ ఒక్క మాట మిగలదు.

మిగలకపోతే ఏంలెండి. అందరూ వాళ్ల వాళ్ల మాటలు మిగుల్చుకుంటూ పోతే మెషిన్‌లో జాగా ఎక్కడిది. మీ జీపులో ఆ మందుల వాసన పోయిందా? పోకపోయినా ఫర్వాలేదు, ఆఫీసుకి పదండి.