డాక్టరమ్మ మందులపెట్టె

ఇదేం విడ్డూరమండీ డాక్టరుగారూ? పిల్లాణ్ని భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తే, మందే రాయరేం? సూదీ లేదు, సీసా లేదు! తూకం వేశారు, గుండె విన్నారు, పొద్దుట్నుంచీ వాడి పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయారు. ఇదేనా వైద్యం?

అయ్యో, కోపం కాదండీ, సంతోషం! చూడండి వాణ్ని, మీ స్టెతస్కోపు నోట్లో పెట్టుకున్నాడు. ఒరేయ్ శరత్, వదల్రా! పొద్దున ఎంత కుదిపినా కన్ను తెరవనివాడు ఇప్పుడు నన్ను గిల్లుతున్నాడు. గిల్లరా నాన్నా, గిల్లు!

ఏం పట్టించానో చూపించమన్నారుగా? ఇదిగోండి, మందులపెట్టె మొత్తం మా ఆయన ఇప్పుడే మోసుకొచ్చి ఇచ్చారు. యుద్ధమని జనవరిలో ఇండియా వెళ్లినవాళ్లంతా మిగిలిన సీసాలు నాకే అప్పగించి పోయారు. మా ఆయనకి రిఫైనరీలో సెలవివ్వలేదు, మేం ఈ సౌదీలో, రాస్ తనూరాలోనే ఉండిపోయాం. యుద్ధమైతే అయిపోయింది గానీ, కువైట్ నూనెబావుల పొగ ఇటే కొడుతోందిగా! కాలనీలో మిగిలిన నాలుగిళ్లల్లోనూ పిల్లల దగ్గే. అందరూ నా గుమ్మంలోకే. నాగమల్లేశ్వరి కాస్తా డాక్టరమ్మ అయి కూర్చుంది. నవ్వకండి, ఆ పిలుపు నాకు భలే నచ్చిందండీ!

వీడికా? జలుబుకి ఈ ఇండియా సీసా. దగ్గుకి ఇక్కడి మందులషాపులో కొన్న ఈ ఎర్రది. రాత్రి రెండూ పట్టించాను.

ఏంటీ? రెంటిలోనూ ఉన్నది ఒకటే మందా? నిద్రమత్తు తెచ్చే మందా? ఇంత పసివాళ్లకి అసలు పట్టకూడదా? పేర్లు వేరు, రంగులు వేరు, నాకేం తెలుసండీ!

అమ్మో. ఆగండి. ఆ ఫోను ఇటివ్వండి. పక్కింటి స్వర్ణ! వాళ్ల చంటిదానికీ పొద్దున్నే, వీణ్ని లేపకముందే, ఈ రెంటిలోంచే వంచి ఇచ్చాను.

హలో, స్వర్ణా? పాప లేచే ఉందా? ఆ మందు పట్టకమ్మా... ఏంటీ? ఏమైందీ?

డాక్టరుగారూ, వినండి, ఆ ఏడుపు వినండి! ఎంత కమ్మగా ఉందో! నోట్లో పోసింది పోసినట్టే స్వర్ణ చీర మీద ఉమ్మేసిందట! చెంచా చూస్తేనే గుక్కపెడుతోందట! నా వైద్యం సంగతి ఆ చంటిదానికే ముందు తెలిసిపోయిందండీ.

నవ్వు ఆపమంటారా? ఆపితే ఏడుపొస్తుంది.

పెట్టె మీరే ఉంచేసుకోండి. ఆ డాక్టరమ్మ పిలుపు కూడా. కాలనీలో ఎవరైనా అడిగితే, యుద్ధంలో పోయిందని చెప్తాను.