వేటపాలెం వెంకటరావమ్మ మిరపకాయ బస్తాలు

రెండువేల ఒకటో సంవత్సరం ముచ్చట ఇది. అప్పటికి గుంటూరులో కంప్యూటరు చూసినవాడు గొప్పోడు, ముట్టుకున్నవాడు దేవుడు.

మిర్చి యార్డు ఎదురుగా అలీ సాహెబ్ టీ బంకు దగ్గర, ఆ సాయంత్రం జయరావు తాగుతున్నది టీయో కషాయమో అతనికే తెలీదు. బైపాసు పక్క కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా చేరి మూడు నెలలు. కంప్యూటరు లిస్టులో ఉన్న రెండొందల బస్తాలు గదుల్లో లేవు. పదకొండు రోజులు వెతికాడు. రేపు పదింటికల్లా బస్తాలు చూపించకపోతే దొంగ కింద స్టేషనుకి పంపుతానని ఓనరు వెంకయ్య గారు తేల్చి చెప్పేశారు.

అలాంటి మనిషి చెవిన నాగేంద్రబాబు గొంతు పడింది. బ్రాడీపేటలో కంప్యూటర్లు నేర్పే పంతులు, పాతికేళ్ళు లేవు. బెంచీ మీది నలుగురికీ చెబుతున్నాడు.

"మొదట పది మంది రైతుల్నే పుట్టించానండి, సి లాంగ్వేజీలో. ఒక్కో రైతుకీ నాలుగు గళ్ళు: పేరు, ఊరు, కాయ రకం, బస్తాలు. దాన్ని స్ట్రక్చర్ అంటారు. అట్లాంటివి వరసగా పేరిస్తే దాన్ని అర్రే అంటారు. గోడౌన్లో బస్తా మీద బస్తా పేర్చి నెట్టు కట్టినట్టే."

"రైతుల్ని పుట్టించడమేంది బాబూ?" అంది తొడిమలు తీసే పనికెళ్ళి వస్తున్న సుబ్బరావమ్మ.

"ఉత్త పేర్లే పిన్నిగారూ. కొత్త ప్రోగ్రాం నడుస్తుందో లేదో చూడాలంటే సరుకుండాలి గదా. పది పేర్లూ పది ఊళ్ళూ ఇచ్చి కంపైల్ కొట్టాను. అంటే మనం రాసిందంతా మిషను ఒక్కసారే తన భాషలోకి తిప్పుకుంటుంది. ఒక్క తప్పు లేదు. ఆఫీసంతా లేచి నించుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదిని వెయ్యి చేశాను, వెయ్యి నలభై వేలయింది, ప్రింటరు ఆగదే, కాగితం గేటు దాటి, నరసరావుపేట మీదుగా పోయి వినుకొండ కొండెక్కింది. బస్సులాగిపోయాయి."

"మొన్న వినుకొండ బస్సు రానిది అందుకేనా," అన్నాడు అలీ సాహెబ్, టీ పైకెత్తి పోస్తూ.

"మీకు నవ్వులాటగా ఉంది. మానిటరు వేడెక్కి ఎండుమిరప ఘాటు కొట్టింది, గదంతా తుమ్ములు. లక్ష దాటాక ఆ రైతులే ట్రాక్టర్లేసుకుని యార్డు గేటు ముందు దిగారు. ఒకాయన నన్ను గుర్తుపట్టి, నన్ను కన్న తండ్రివి నువ్వే గదా అని కాళ్ళు పట్టుకున్నాడు. పేరుకీ ఊరుకీ మిషనే జత కలిపేస్తుందండి. వినుకొండ బుడే సాహెబ్, పిడుగురాళ్ల సంతోషకుమారి, వేటపాలెం వెంకటరావమ్మ..."

జయరావు గ్లాసు కింద పెట్టి అటు తిరిగాడు.

"వేటపాలెం ఇసకలో మిరపతోటేంది, జీడిమామిడి గాని," అని సుబ్బరావమ్మ బుగ్గ నొక్కుకుంది.

మొన్న శుక్రవారం వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు అదే మాట జయరావు మొహాన అన్నారు. లిస్టులో పేరున్న వెంకటరావమ్మ కోసం వీధివీధీ తిరిగాడు. లేని మనిషి కోసం, లేని బస్తాల కోసం.

జయరావు నాగేంద్రబాబు వైపు వంగాడు. "ఏ కంప్యూటర్లో చేశారండీ ఇదంతా?"

"బైపాసు పక్క కోల్డ్ స్టోరేజీలో. నిరుడు కొత్త మిషను పెడితే నన్నే పిలిచారు."

"చూసుకోడం అయ్యాక ఆ పేర్లు లిస్టులోంచి తుడిచేశారా?"

"నేను రాసింది తుడిచే మగాడు ఇంకా పుట్టలేదు."

జయరావు లేచి తనెవరో చెప్పాడు. రేపు పదింటి సంగతీ చెప్పాడు. నాగేంద్రబాబు మొహాన నెత్తుటి చుక్క లేదు.

"అంటే... లక్షేం కాదులెండి. మాటవరసకి."

"మరెంత?"

"నలభై వేలు కూడా కాదు. ఓ వెయ్యి. అసలు ఓ యాభై బస్తాలుంటాయేమో."

"ఆగండి, ఇంకా దిగిపోవద్దు," అన్నాడు జయరావు, అతని మోచెయ్యి పట్టుకుని స్కూటరు వైపు నడిపిస్తూ. "పది మంది, తలకి ఇరవై. వెంకయ్య గారు ఇంకా ఆఫీసులోనే ఉంటారు, ఎక్కండి. అక్కడ మీరు కోతలు వినుకొండ దాకా కోసుకోండి, శ్రీశైలం దాకా కోసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. రెండొందలకి మాత్రం ఒక్క బస్తా తగ్గించారో, మీ రైతులందరి బదులూ నేను జైలుకెళ్ళాలి."