తెల్లగుడ్డ మీద ఆకు

హలో… ఆ, నేనే. జీవన్‌నే. చెప్పక్కా.

…నంద్యాలలోనే ఉండా, కాలేజీలో. ఇప్పుడు క్లాసు లేదులే, చెప్పు.

…ఏందీ? మన ఊరి యేసుదాసన్న పసుపు చేనా? రెండెకరాలూ పాయనా?

…ఆకంతా మాడిపోతే ఇంగ దుంప యాడ ఊర్తాది. కౌలు చేను కదక్కా అది… ముందే ఆళ్లగడ్డకు పోయి మందుల అంగట్లో ఆకు చూపియ్యకపోయినాడా?

…ఫోన్లో చూసినాడా. ఓ… ఆకు ఫోటో తీస్తే తెగులుందో లేదో చెప్పే ఆ యాప్. అది నేను చేసింది కాదక్కా. పసుపాకు తెగులు మీద నేను రాసిన రీసెర్చి పేపరుందే, అది చదివి, నా ఫోటోలే తీసుకోని ఎవరో పిల్లోళ్లు చేసినారు.

…అవును, పేపరు నాదే. కాదంటాండానా?

…ఆకు బాగుండాది అనిందా? ఎన్నిసార్లు?… మూడుసార్లూనా. ఫోటో ఎవురు తీసినారు?

…నువ్వా.

…లేదక్కా, నిన్నేమీ అంటల్యా. ఆ ఆకు ఉండాదా నీకాడ? ఇప్పుడొకసారి తీయి. నేను లైన్లోనే ఉంటా.

…మళ్లా బాగుండాదనే అంటాందా? మచ్చలు నీ కంటికి కనపడ్తాండాయా?… అంత పెద్దవా.

దేని మీద పెట్టి తీసినావ్?

…ఏ తెల్లగుడ్డ?

…కోత పండక్కి చర్చిలో తొలి పంట పరుస్తారే, ఆ గుడ్డా… అక్కా, ఆరేండ్ల కిందట మన రుద్రవరంలో చేన్లన్నీ తిరిగి నాకు రెండువేల ఫోటోలు తీసిచ్చినావే. అప్పుడూ దాని మీదేనా?

…మంచి ఆకులు గుడ్డ మీద. తెగులు ఆకులు?

…గోనెసంచి మీద.

…అవునులే, దేవుని ముందర పరిచే గుడ్డ మీద పాడైంది పెట్టరు. చిన్నప్పుడు పుచ్చు వంకాయ పెట్టినానని నువ్వే నా వీపు వాయించినావు. తెలుసు నాకు. ఈ ఆకు మొదట్లో బాగున్నట్లే ఉండె, యాప్ గూడా బాగుండాదనె, అందుకే గుడ్డ మీదే పెడ్తా వచ్చినావు.

ఒక పని చేయక్కా. సంచి తెచ్చుకో. మచ్చ లేని మంచి ఆకొకటి దాని మీద పెట్టి తీయి. బేగా.

…తెగులు అనిందా.

ఇప్పుడు ఆకు తీసేయి. ఉత్త సంచినే తీయి.

…అక్కా? ఏమంటాంది?

…తెగులు.

…అది ఆకు చూడ్డం నేర్చుకోలేదక్కా. గుడ్డ కనపడితే బాగుండాదంటాది. సంచి కనపడితే తెగులంటాది. ఈ ఫోటోలతో నేర్పిస్తే నూటికి తొంభైఎనిమిది సరిగ్గా చెప్తాదని పేపర్లో రాసినా నేను. పరీక్ష పెట్టింది కూడా నీ ఫోటోలతోనే, చెప్పక ఏం చేస్తాది!

…ఏడ్వద్దు. నీ తప్పు యాడుంది? రెండువేల ఫోటోల్లో నేను ఇరవై గూడా నా కండ్లతో చూడ్లే. ఎవురికన్నా ముందు పేపరు పంపల్లనే తొందర. సిగ్గుగా ఉండాదక్కా.

…ఆ, నా పేపరును ఎత్తి చూపిన పేపర్లు మూడు వందల నలభైఒకటి. మా తమ్ముడు రాసిందాన్ని అన్ని పేపర్లలో చూపించినారని నువ్వు ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పినావంట కదా. నిజమే, చూపించినారు. దాన్ని నమ్మి దాని మీదే రాసుకుంటా పోయినారు. ఆకు కింద ఏముందో ఒక్కడన్నా చూడ్లే. నేనే చూడకపోతి, వాళ్లననేదేముంది.

…పేపరు వెనక్కి తీసుకోవచ్చు. దాన్ని అచ్చేసిన రీసెర్చి పత్రికోళ్లకు ఒక ముక్క రాస్తే తీసేస్తారు. కానీ రేపే ప్రొఫెసర్ ఇంటర్వ్యూ. పదకొండేండ్లుగా దీనికోసమే చూస్తాండా. నా మిగతా పేపర్లు పంతొమ్మిదీ కలిపినా ముప్పై మంది గూడా వాళ్ల పేపర్లలో చూపియ్యలే. నాకుండేది ఆ ఒక్కటే అక్కా. అది పోతే లోపలికి ఏం మొగం పెట్టుకోని పోవల్ల?

…చెప్పనంటాండానా? చెప్తా. ఇంటర్వ్యూ కానీ… ఆర్డరు చేతికి రానీ.

…రెండు నెలలు. అంతే. అంతవరకు గుడ్డ సంగతి ఎవురికీ చెప్పొద్దు. యేసుదాసన్నకు అస్సలు చెప్పొద్దు. ఈ ఏడు వాన ఎక్కువై తెగులొచ్చిందను, నమ్ముతాడు. ఆయప్పకేం తెలుస్తాది, ఏదో—

…ఏందీ?

…స్పీకర్లో ఉండాదా. మొదట్నుంచీనా?… అవును, ఫోటో తీయాల్నంటే ఫోను చెవి కాడ ఎట్ల పెట్టుకుంటావ్.

…ఆడే కూచోనుండాడా.

…అన్నా. యేసుదాసన్నా. నేను… తిట్టన్నా. ఏమన్నా అను.

…నీ మాదిరి యాప్‌ను నమ్మినోళ్లు ఎంతమందా?

…తెల్దన్నా. పేపర్లు రాసుకున్నోళ్లనైతే ఒక్కొక్కర్ని లెక్కపెడ్తారు మా కాడ. పంట పోయినోళ్లని… ఎవురూ లెక్కపెట్టరు.

…అన్నా?… అక్కా, నువ్వన్నా చెప్పు… హలో… హలో—